గుండె రిహాబ్‌లో ఆ నంబర్ల అట్ట: పద్నాలుగు నెలల తర్వాత

రెండు స్టెంట్లు వేశాక డాక్టరుగారు రాసిచ్చిన కార్డియాక్ రిహాబ్‌లో, అంటే గుండె జబ్బువాళ్ళకి దగ్గరుండి వ్యాయామం చేయించేచోట, చేరి పద్నాలుగు నెలలైంది. ట్రెడ్‌మిల్, సైకిల్ గురించి చెప్పను, అవి అన్నిచోట్లా ఉండేవే. ట్రెడ్‌మిల్‌కి దారంతో వేలాడదీసిన ఒక లామినేషన్ అట్ట గురించి చెప్పాలి. బోర్గ్ స్కేల్ అంటారు. 6 నుంచి 20 దాకా అంకెలుంటాయి. నడుస్తుండగా ఫిజియో అమ్మాయి "నంబర్ ఎంతమ్మా?" అంటుంది. ఎంత కష్టంగా ఉందో మనం ఒక అంకెలో చెప్పాలి.

6తో మొదలవడమేమిటని అడిగాను. మామూలు మనిషికి ఆ అంకెను పదితో హెచ్చవేస్తే ఇంచుమించు నాడి వేగం వస్తుందట. నాకా లెక్క కుదరదు. నేను వేసుకునే మెటోప్రొలాల్ గుండెను అంత వేగంగా కొట్టుకోనివ్వదు. అందుకే నాలాంటివాళ్ళకి నాడిని మాత్రమే నమ్ముకుంటే చాలదని ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పింది.

అట్ట మీద తమిళం, ఇంగ్లీషు ఉన్నాయి. పక్కన స్కెచ్ పెన్నుతో నేను తెలుగు రాసుకున్నాను: 11 తేలిక, 13 కొంచెం కష్టం, 15 కష్టం. నన్ను 11 నుంచి 13 లోపు ఉండమన్నారు. నా లెక్కలో 13 అంటే రోట్లో గోంగూర పచ్చడి నూరడం. 15 అంటే 2019లో చెన్నైకి నీళ్ళ కరువొచ్చినప్పుడు లారీ దగ్గర నింపిన బిందెతో మా రెండో అంతస్తు ఎక్కడం. అలా పోల్చుకున్నాక అంకె చెప్పడానికి తడుముకోలేదు. పన్నెండు వారాల్లో, ఆరు నిమిషాల్లో నేను నడవగలిగే దూరం 310 మీటర్ల నుంచి 425కి పెరిగింది. ఆ సంతోషంలో, వాచీలూ గీచీలూ ఎందుకు, ఈ అట్ట ఒక్కటుంటే చాలని కనబడినవాళ్ళందరికీ చెప్పాను.

తర్వాత సొంతంగా నడక మొదలుపెట్టాను, లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో. మన అమృతాంజనం పంతులుగారి పేరున్న పార్కే. మే నెల, కర్తరి ఎండలు. ఆ రోజు లేటుగా లేచి ఎనిమిదిన్నరకు వెళ్ళాను. రోజూ నడిచే వేగమే. మూడో రౌండుకి కాళ్ళు బరువెక్కాయి, మాట్లాడితే ఆయాసం. మనసులో 16 అనిపించింది. మా అబ్బాయి కొనిచ్చిన వాచీ చూస్తే నాడి 102. ఇంతేగా అనుకుని ఇంకో రౌండు వేశాను. అంతలో ఫోన్ మోగితే టక్కున ఆగిపోయాను. కళ్ళు బైర్లు కమ్మాయి, చెవుల్లో హోరు. పక్కన నడుస్తున్న తమిళావిడ పట్టుకుని బెంచీ మీద పడుకోబెట్టి, నా కాళ్ళు ఎత్తి తన బ్యాగ్ మీద పెట్టింది. ఆవిడ పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ బాధే.

అదే రోజు ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, కొత్త మార్పేమీ లేదు. ఎండలో గుండె చర్మానికి కూడా ఎక్కువ రక్తం పంపాలి, నడక ఒక్కసారిగా ఆపితే రక్తం కాళ్ళలోనే ఉండిపోయి బీపీ పడిపోతుందని ఫిజియో అమ్మాయి చెప్పింది. చివరి ఐదు నిమిషాలు మెల్లగా నడిపించేది అందుకేనట. అన్నాళ్ళూ దాన్ని టైమ్ వేస్ట్ అనుకున్నాను.

అట్ట నాకు సరిగ్గానే చెప్పింది. కానీ "అట్ట ఒక్కటే చాలు" అనడం మానేశాను. రిహాబ్ హాల్లో అయితే 15 అనగానే ఆ అమ్మాయి వేగం తగ్గించేది, పార్కులో అడిగేవాళ్ళెవరు? పైగా స్పీడు తగ్గిస్తారేమోనని హాల్లోనే రెండు మూడుసార్లు 14ని 12 అని చెప్పాను. అబద్ధం చెబితే అట్ట ఎందుకూ పనికిరాదు.

మా ఇల్లు సెంటర్‌కి దగ్గర, పొద్దున్నపూట నాకు ఖాళీ, ఫీజు మా అబ్బాయి కట్టాడు, ఇన్సూరెన్స్‌లో రాలేదు. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు బాగుంది. పక్కనే ఊపిరితిత్తుల జబ్బువాళ్ళకి ఆయాసం చెప్పడానికి 0 నుంచి 10 అంకెల అట్ట వేరే ఉండేది, వేలికి ఆక్సిజన్ క్లిప్పు కూడా పెట్టేవారు, వాళ్ళ అనుభవం నేను చెప్పలేను. కొత్తగా చేరేవాళ్ళు మొదటి మూడు నెలలైనా ఎవరో ఒకరు పక్కనుండి అడిగేచోట చేస్తే మంచిదని నాకనిపిస్తోంది. ఇప్పుడు నేను ఆరింటికే పార్కుకి వెళ్తున్నాను, మా వారు వెంట వచ్చి ప్రతి రౌండుకీ నంబర్ అడుగుతున్నారు.