మీడియేషన్ సెంటర్ చుట్టూ కొన్నేళ్ళు తిరిగాక నా రివ్యూ (బరంపురం నుంచి)

మాది ఒడిశా బరంపురంలో బట్టల హోల్‌సేల్ కొట్టు, నాన్నగారి టైమ్ నుంచీ ఉంది. ఈ కొన్నేళ్ళలో మూడు గొడవలు మీడియేషన్ (మధ్యవర్తి ముందు కూర్చొని రాజీ మాట్లాడుకోవడం) దాకా వెళ్ళాయి, ఒకటి మా గుమస్తాతో, ఒకటి పక్కింటివాళ్ళతో డ్రైనేజీ పైపు మీద, ఒకటి ఆంధ్రా వైపు పార్టీ బాకీ. రెండు తేలాయి, ఒకటి తేలలేదు. అందరూ కూర్చొని మాట్లాడుకుంటే అయిపోద్ది అంటారు గానీ నాకైతే మాటలకంటే చివర్లో సంతకం పెట్టే కాగితమే అసలు సరుకు అనిపించింది.

ముందు గుమస్తాగారి సంగతి. మా దగ్గర 18 ఏళ్ళు చేశారు, స్టాక్‌లో తేడా వచ్చిందని మా తమ్ముడు నలుగురి ముందు ఏదో అనేశాడు, మర్నాటి నుంచి ఆయన రావడం మానేశారు. కొన్నాళ్ళకి లీగల్ సర్వీసెస్ అథారిటీ నుంచి నోటీసొచ్చింది, కేసు కాదు, కేసుకి ముందు మీడియేషన్. మీడియేటర్ ఓ సీనియర్ ప్లీడరుగారు, ఆవిడ, వీళ్ళకి 40 గంటల ట్రైనింగ్ ఉంటుందట. మా తమ్ముడేమో గ్రాట్యుటీ (ఏళ్ళ తరబడి చేసి మానేసినవాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు) ఎంతోకొంతకి తెంపేద్దాం అని వచ్చాడు. ఆవిడ అక్కడే కాగితం తీసి లెక్క వేశారు, ఆఖరి జీతం 13,000, 26తో భాగిస్తే 500, దాన్ని 15తో హెచ్చవేస్తే ఏడాదికి 7,500, 18 ఏళ్ళకి 1,35,000. "ఇది 1972 చట్టం ఇచ్చిన డబ్బు, దీన్ని తగ్గించి నేను రాయించను, మిగతావి ఏమైనా ఉంటే మాట్లాడుకోండి" అన్నారు. మావాడి మొహం చూడాలి అప్పుడు.

తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ గదిలో చెప్పింది మనం సరే అంటే తప్ప అవతలివాళ్ళకి చెప్పరు, రేపు కోర్టులో సాక్ష్యంగా వాడుకోడానికీ లేదు. గుమస్తాగారు చెప్పొచ్చు అన్న ముక్క ఒకటే మాకు చేరింది, తర్వాత మా ఎదురుగానే అనేశారు కూడా: "బాబూ, డబ్బులు ఎలాగూ ఇస్తారు, దొంగ అన్నారు కదా, దానికేటి చేస్తారు?" స్టాక్ తేడాకి ఆయనకి సంబంధం లేదని ఒప్పందంలో ఒక లైను పెట్టాలి, అదీ ఆయన అడిగింది. ఆ లైను మీదే సగం పూట పోయింది, మా తమ్ముడు "సంబంధం ఉన్నట్టు తేలలేదు" అని రాద్దామంటాడు, ఆయన "లేదు" అనే రాయాలంటారు, ఆవిడ ఇద్దరిలో ఎవరికీ తీర్పు చెప్పరు, మళ్ళీ ఆ గదికీ ఈ గదికీ తిరుగుతారు. ఆఖరికి "లేదు" అనే రాశాం. లెటర్‌హెడ్ మీద సర్వీస్ సర్టిఫికెట్, డబ్బు రెండు విడతల్లో బ్యాంకులో వెయ్యడం, విడత తప్పితే ఎంత వడ్డీ, అన్నీ అందులోనే.

పెద్దమనుషుల పంచాయితీలు నేనూ చూశాను, అక్కడ పని త్వరగా తెములుద్ది, కాదనను. కానీ గట్టిగా అరిచినవాడిదే రాజ్యం, పైగా ఆర్నెల్లకి ఎవరేం ఒప్పుకున్నారో ఎవరికీ గుర్తుండదు.

భాష సంగతి కూడా చెప్పాలి. మా వైపు ఒడియా బాగా మాట్లాడి చదవడం రాని తెలుగువాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళు, బోల్డంతమంది. గదిలో తెలుగు, ఒడియా, హిందీ కలిపి ఎలాగో నడిచిపోద్ది, మాకు మాత్రం కాగితం ఇంగ్లీషులో తయారైంది. ప్రతి క్లాజూ తెలుగులో చెప్పించుకోండి, అలా చెప్పారని కూడా అందులో రాయించుకోండి, వాళ్ళు విసుక్కున్నా పర్లేదు.

డ్రైనేజీది దావా వేశాక కోర్టే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 89 కింద పంపింది. పెద్ద కథ లేదు. నాలుగంగుళాల పైపు తీసి ఆరంగుళాలది, ఖర్చు చెరిసగం, ఫలానా తేదీలోగా వెయ్యకపోతే రెండోవాళ్ళు వేయించుకొని డబ్బు వసూలు చేసుకోవచ్చు. దాని మీద డిక్రీ అయింది. ఇలా సెటిలైతే కట్టిన కోర్టు ఫీజు మొత్తం వెనక్కొస్తుంది, మీ ప్లీడరుకి గుర్తుచేసి ఆర్డర్‌లో రాయించుకోండి, లేకపోతే దానికోసం మళ్ళీ తిరగాలి.

మా మేనకోడలు ఆఫీసులో లైంగిక వేధింపుల కంప్లైంట్ విషయంలో ఇలా కూర్చోవచ్చా అని అడిగింది. 2013 చట్టంలో రాజీ దారి ఉంది కానీ కంప్లైంట్ ఇచ్చిన ఆడమనిషి తనంతట తాను అడిగితేనే, పైగా డబ్బు ఇచ్చి రాజీ చేసుకోవడం కుదరదు. హెచ్‌ఆర్ వాళ్ళే ముందుగా "సర్దుకుందాం" అంటూ వస్తే ఒప్పుకోకు అని చెప్పాను.

ఇక తేలనిది. సరుకు పట్టుకెళ్ళి డబ్బు ఎగ్గొట్టిన పార్టీ. మూడు లక్షలు దాటిన వ్యాపార బాకీ కాబట్టి, అర్జెంటుగా స్టే లాంటిదేమీ అడగట్లేదు కాబట్టి, దావాకి ముందు మీడియేషన్‌కి వెళ్ళి తీరాలి, సుప్రీంకోర్టు 2022లో ఇది తప్పనిసరి అని తేల్చేసింది. 1,000 రూపాయలు కట్టి అప్లికేషన్ పెట్టాం. నోటీసు వెళ్ళింది, రాలేదు. మళ్ళీ వెళ్ళింది, రాలేదు. రానివాణ్ణి లాక్కొచ్చే అధికారం అక్కడ ఎవరికీ లేదు, "నాన్ స్టార్టర్" (అసలు మొదలే కాలేదు) అని రిపోర్ట్ చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ రోజులు లిమిటేషన్‌లో (దావా వెయ్యడానికి ఉన్న గడువులో) లెక్కకట్టరు, అదొక్కటే నయం. ఎగ్గొడదామని డిసైడైనవాడికి ఇది ఫ్రీగా దొరికిన టైమ్, ఇందుకే ఐదుకి మూడున్నర ఇస్తున్నా, లేకపోతే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.

దావా నడుస్తోంది. సమన్లు అందాక ఆ పార్టీ ఫోన్ చేసి "అన్నా, మనలో మనకి కోర్టులేంటి, ఇచ్ఛాపురంలో కూర్చొని మాట్లాడుకుందాం" అన్నాడు. సెంటర్‌కే రా, కోర్టుని అడిగితే ఇప్పుడైనా పంపుతారు అన్నాను. చూస్తానన్నాడు.