సర్వపిండికి క్యాస్ట్ ఐరన్ కడాయి: చాన్నాళ్లు వాడాక

ఈ క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుము) కడాయి గురించి ఎవరు రాసినా దోశలు, వేపుళ్లు, బరువు గురించే రాస్తారు. నాకు దీనితో ముఖ్యంగా ఒక్కటే పని, సర్వపిండి, అంటే బియ్యప్పిండిని గిన్నెలో ఒత్తి కాల్చే మన తెలంగాణ రొట్టె. ఉండేది హన్మకొండలో, వండేది గ్యాస్ మీద, తినేది నలుగురం. ఆ లెక్కలోనే చదవండి.

సర్వపిండిని తిరగేసి కాల్చరు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైభాగం మూత కింది ఆవిరికే ఉడకాలి. పల్చటి అల్యూమినియం గిన్నె గ్యాస్ మీద పెడితే మంట తగిలిన చోట మాడుతుంది, చుట్టూ తెల్లగానే ఉంటుంది. గిన్నెను అటు జరిపి ఇటు జరిపి పొయ్యి దగ్గరే నిలబడాలి. ఈ కడాయి మందం కాబట్టి నిదానంగా కాగుతుంది, కాగాక ఆ వేడిని వదలదు. సన్న మంట మీద మూతపెట్టి పావుగంట పక్క పనులు చూసుకోవచ్చు. తీసి చూస్తే అడుగంతా ఒకే రంగు. అడుగున ఉన్న నువ్వులు వేగి, పల్లీ పలుకులు ఎర్రబడి, వేలితో చేసిన చిల్లుల్లో పోసిన నూనె చుట్టూ చిన్న చిన్న కరకర వలయాలు కట్టి ఉంటాయి. ఆ అడుగు కోసమే నాకీ కడాయి ప్రాణం.

పొద్దున పని తేలికవ్వాలని పొడి పిండి కలిపి డబ్బాలో పెట్టుకుంటాను. నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, అర గ్లాసు నువ్వులు, జీలకర్ర, ఉప్పు, కారం. చేసే రోజు ఉల్లాకు, కరివేపాకు, దంచిన ఎల్లిపాయలు, నానిన శెనగపప్పు వేసి వేడినీళ్లతో కలపడమే. శెనగపప్పు రాత్రి నానబెట్టడం మరిచిపోతే పెసరపప్పు అరగంట నానినా సరిపోతుంది. ఆనిగెపుకాయ (సొరకాయ) తురుము వేస్తే మాత్రం నీళ్లు చూసి పోయాలి, తురుములోనే బోలెడు తడి ఉంటుంది.

ఇక జరిగిన నష్టం. నేను మొదట కొన్న కడాయి ఇప్పుడు లేదు. సర్వపిండిని చల్లటి గిన్నెలోనే చేత్తో ఒత్తాలి కదా, అందుకే మన ఇళ్లల్లో ఒకటి కాలగానే గిన్నెను బోర్లించి వెనక నీళ్లు పోసి చల్లార్చి, రెండోది ఒత్తుతారు. సర్వకు, అంటే సర్వపిండి ఒత్తే గుండ్రటి లోతు గిన్నెకు, అల్యూమినియం గిన్నెకు అది చెల్లుతుంది. మా అత్తమ్మ చేతికి జీవితమంతా అదే అలవాటు. ఒకరోజు నేను ఫోన్ మాట్లాడుతుండగా మొదటిది తీసి, అలవాటు చొప్పున కడాయిని సింకులో బోర్లించి చెంబెడు నీళ్లు పోసింది. టప్పున శబ్దం. చూస్తే అంచు నుంచి నడుమ దాకా వెంట్రుకంత గీత. మళ్లీ పొయ్యి మీద పెడితే ఆ గీతలోంచి నూనె బర్నర్ మీదికి కారింది. "ఇదేం గిన్నె బిడ్డా, నీళ్లు తాకితేనే పలిగె!" అని ఆమె ఎంత బాధపడిందో. ఆమె తప్పేముంది? పోత ఇనుము పెళుసు. బాగా కాగినప్పుడు చన్నీళ్లు తగిలితే ఒకవైపు ఒక్కసారిగా కుంచించుకుపోయి పగులుతుంది. కొన్న షాపులో అడిగితే పగిలినవాటికి గ్యారంటీ లేదన్నారు. ఆ ముక్క అమ్మేటప్పుడే చెప్పాల్సింది, డబ్బాపైన పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అయినా అలాంటిదే ఇంకోటి కొన్నాను. ఇప్పుడు కడాయిని చల్లార్చను. నూలుగుడ్డ తడిపి, నీళ్లు పిండేసి, పీట మీద పరిచి, దానిమీద పిండి ఒత్తి చిల్లులు చేసి, నూనె రాసిన వేడి కడాయిలో మెల్లగా బోర్లించి గుడ్డ లాగేస్తాను. వేడి పెనానికి తగలగానే అడుగు పట్టుకుంటుంది, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా అవుతాయి.

కొన్న కొత్తలో తెలిసినవాళ్లందరికీ "అచ్చం అమ్మ చేసినట్టే వస్తుంది" అని చెప్పాను. అడుగు వరకు ఇప్పటికీ అదే మాట. అంచుల సంగతే వేరు. సర్వలో పిండిని గోడల మీదికి కూడా పల్చగా ఒత్తుతారు, తీశాక గిన్నె ఆకారంలో వస్తుంది, ఆ అంచులు విరుచుకుని తినడానికే పిల్లలం కొట్లాడుకునేవాళ్లం. గుడ్డ మీద ఒత్తినదానికి ఆ అంచు రాదు, బిళ్లలా ఉంటుంది. అందుకే మొదటిదాన్ని మాత్రం చల్లటి కడాయిలోనే గోడలదాకా ఒత్తుతాను. అది కాలడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది, అది అత్తమ్మకు.

చింతపండు పులుసులు ఇందులో వండకండి, నల్లబడి ఇనుము వాసనేస్తాయి. వానాకాలం కడగ్గానే పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాయకపోతే తెల్లారేసరికి తుప్పు.

మా ఇంట్లో వారానికోసారైనా సర్వపిండి అవుతుంది కాబట్టి నాకు పెట్టిన డబ్బు దండగ కాలేదు. సంక్రాంతికో, చుట్టాలొస్తేనో చేసుకునేవాళ్లకు పాత గిన్నెలు రెండుంటే అవే చాలు. మణికట్టు నొప్పులున్న పెద్దవాళ్లు ఒంటరిగా వండుకునే ఇంటికైతే కొనమని చెప్పను. ఊళ్లో మా అమ్మ అడిగినా కొనివ్వలేదు. ఆమెకు కట్టెల పొయ్యి ఉంది, రెండు సర్వలున్నాయి, నీళ్లు పోసి చల్లార్చే చెయ్యి ఉంది.