ప్యాలెస్ చూడండి, ప్యాలెస్‌లో దిగకండి: స్ప్లిట్‌లో మా అనుభవం

క్రొయేషియాలో స్ప్లిట్ వెళ్లేవాళ్లకి ముందుగా చెప్పేది ఇదే: పాత ప్యాలెస్ గోడల లోపల గది తీసుకోవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే అసలే వద్దు. ఊరు చాలా బాగుంటుంది, ఆ సంగతి కూడా రాస్తాను. కానీ మా డబ్బూ, మా అత్తయ్య నిద్రా పోయింది ఆ గదిలోనే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఈ వేసవికి అత్తయ్య, మామయ్య తెనాలి నుంచి వచ్చారు. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది, అదే రోజు నుంచి యూరో కూడా వాడుతోంది. కాబట్టి వాళ్లకున్న షెంగెన్ వీసా సరిపోయింది, డబ్బు మార్చుకునే పనీ లేదు. విమానంలో గంటన్నర కూడా పట్టదు. మామయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రోమన్ చక్రవర్తి కట్టించుకున్న ప్యాలెస్‌లోనే బస అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషం చూసే రాత్రికి 138 యూరోలు, పైన శుభ్రం చేసే చార్జీ 45 యూరోలు అన్నా సరేనని బుక్ చేశాం.

ఆ ప్యాలెస్ గురించి కొంచెం చెప్పాలి. డయోక్లెషియన్ అనే చక్రవర్తి గద్దె దిగాక శేషజీవితం గడపడానికి సముద్రం ఒడ్డున దీన్ని కట్టించుకున్నాడు, క్రీ.శ. 305లో తనంతట తానే గద్దె దిగాడు. ఏడో శతాబ్దంలో అవార్లు, స్లావులు అనే తెగలవాళ్లు దగ్గర్లోని సలోనా నగరాన్ని నాశనం చేస్తే, పారిపోయి వచ్చిన జనం ఈ గోడల వెనక తలదాచుకున్నారు. ఇక వెళ్లలేదు. రాజుగారి గదుల మధ్య గోడలు లేపుకుని, స్తంభాల మధ్య ఇళ్లు కట్టుకుని అక్కడే ఉండిపోయారు. ఇప్పటికీ అందులో జనం కాపురాలున్నాయి, బట్టలు ఆరేసుకుంటారు, పిల్లల్ని స్కూలుకి పంపుతారు. 1979లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వినడానికి ఎంత బాగుందో కదా. కానీ ఇలాంటి చోట లిఫ్టు ఉండదు, కారు రాదు, గోడకి గోడ ఆనుకుని ఉంటుంది. ఈ మాట ప్రకటనలో ఎవరూ రాయరు.

టాక్సీ మమ్మల్ని రీవా దగ్గర దింపేసింది. రీవా అంటే ప్యాలెస్ ముందు సముద్రం వెంట సాగే పెద్ద నడకదారి. అక్కడి నుంచి నాలుగు సూట్‌కేసులూ ఈడ్చుకుంటూ లోపలికి నడిచాం. నేలంతా సున్నపురాయి పలకలు, వందల ఏళ్లుగా కాళ్లు పడి పడి అద్దంలా నునుపెక్కాయి. చెప్పులు జారుతున్నాయి. ఇంటి ఓనరు రాలేదు, తాళం పెట్టె నంబరు మాత్రం మెసేజ్ పెట్టాడు. తలుపు తీస్తే ఎదురుగా మెలికలు తిరిగిన రాతి మెట్లు. ప్రకటనలో "రెండో అంతస్తు" అని ఉంది. ఎక్కితే నాలుగోది. మా అత్తయ్య ప్రతి మలుపులో ఆగి, గోడ పట్టుకుని, "మీరు ఎక్కండి, నేను నిదానంగా వస్తాను" అంటూనే ఉన్నారు. ఆవిడ పైకి చేరేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఫొటోలో కిటికీలోంచి స్తంభాలు కనిపించాయి. మా గది కిటికీ తీస్తే అటువైపు గోడ, కింద ఒక బార్. పది గంటలకి మ్యూజిక్ మొదలైంది. పాట వినపడటం కాదు, మంచం అదిరేది. కిటికీ మూస్తే ఉక్క, ఏసీ వేస్తే చప్పుడు తప్ప చల్లదనం లేదు. రెండు దాటాక మ్యూజిక్ ఆగింది, తర్వాత సీసాలు డబ్బాలో పోసే శబ్దం. తెల్లవారి మామయ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి, అయినా "ఏం పర్లేదమ్మా" అన్నారు. మా ఆయన మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా కాఫీ తాగారు. ఆయన కోపం అలాగే ఉంటుంది.

తొమ్మిదింటికి ఓనరు వచ్చాడు. రాత్రి ఆలస్యంగా వచ్చినందుకు 30 యూరోలు, టూరిస్టు పన్ను మనిషికి 10 యూరోలు, అంతా క్యాష్‌లోనే ఇవ్వాలట. మేం దిగింది సాయంత్రం ఏడున్నరకి, అదీ ముందే మెసేజ్ పెట్టి. పన్ను ధరలోనే కలిసిందని బుకింగ్‌లో స్పష్టంగా ఉంది. పైగా మా పదేళ్ల బాబుకి కూడా లెక్క వేశాడు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి క్రొయేషియాలో ఆ పన్ను లేదు. ఈ మాట మా ఆయన అడిగితే "ఇక్కడ రూల్ అంతే" అన్నాడు. బిల్లు ఇవ్వమంటే ఫోన్ వచ్చిందంటూ బయటికి వెళ్లిపోయాడు. మేం ఒక్క సెంటు ఇవ్వలేదు. బార్ వీడియో, మెట్ల ఫొటోలు, బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ కలిపి బుకింగ్ కంపెనీకి పంపాం. బోలెడు మెసేజ్‌ల తర్వాత మిగతా రాత్రుల డబ్బు వెనక్కి వచ్చింది. మొదటి రాత్రి 138, శుభ్రం చేసే 45 మాత్రం పోయాయి. మొత్తం 183 యూరోలు.

కాబట్టి డబ్బు కట్టకముందే ఓనర్ని రాతపూర్వకంగా అడగండి: ఎన్ని మెట్లు, లిఫ్టు ఉందా, కింద ఏముంది, పన్ను ధరలో కలిసిందా. జవాబు బుకింగ్ యాప్ మెసేజ్‌లోనే ఉండాలి, వాట్సాప్‌లో కాదు. మాకు డబ్బు వచ్చింది ఆ మెసేజ్‌ల వల్లే.

అదే మధ్యాహ్నం బాచ్‌విట్సే వైపు మారాం. బస్‌స్టాండు, రైల్వే స్టేషన్, ఓడల రేవు మూడూ ప్యాలెస్‌కి ఆగ్నేయంగా పక్కపక్కనే ఉంటాయి. వాటికి వెనకవైపు బాచ్‌విట్సే. అక్కడ మామూలు అపార్ట్‌మెంట్లు, లిఫ్టులున్నాయి. ఒక పెద్దావిడ ఇంట్లో రెండు గదులు, వంటిల్లు, బాల్కనీ కలిపి రాత్రికి 112 యూరోలు. వేరే చార్జీలేం లేవు. ఆవిడకి ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు, అత్తయ్యకి అవి కూడా రావు. అయినా ఇద్దరూ వంటింట్లో నిలబడి మోకాళ్లు చూపించుకుని అరగంట మాట్లాడుకున్నారు. మర్నాడు పొద్దున ఆవిడ మా గుమ్మం ముందు అంజూరపండ్ల గిన్నె పెట్టి వెళ్లింది. అత్తయ్య ఆ గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని పులిహోర చేసి పంపారు. అక్కడి నుంచి మా యాత్ర గాడిలో పడింది. ప్యాలెస్‌కి నడక పావుగంట, దారంతా చదునే.

ప్యాలెస్‌ని పొద్దున ఏడింటికి చూడండి. తొమ్మిది దాటితే గ్రూపులు దిగుతాయి, క్రూయిజ్ ఓడ వచ్చిన రోజు నిలబడటానికి చోటుండదు. మధ్యలో పెరిస్టిల్ అనే చావడి, చుట్టూ స్తంభాలు, ఒక పక్క ఈజిప్టు నుంచి తెచ్చిన నల్లరాతి స్ఫింక్స్, అంటే సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న విగ్రహం. డయోక్లెషియన్ తెప్పించేనాటికే అది వెయ్యేళ్ల పైబడి పాతది. మామయ్య దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. పక్కనున్న ఎనిమిది పలకల గుడి ఒకప్పుడు డయోక్లెషియన్ సమాధి. ఆయన క్రైస్తవుల్ని వెంటాడి చంపించిన రాజు. సలోనా బిషప్ డోమ్నియస్‌ని 304లో చంపించింది ఆయన హయాంలోనే. తర్వాత ఆ సమాధినే చర్చిగా మార్చి, అదే డోమ్నియస్ పేరు పెట్టారు. రాజు శవపేటిక ఏమైందో ఎవరికీ తెలియదు. "మా పిల్లలకి ఈ పాఠం ఇక్కడ చెప్పుంటే ఒక్కడు కూడా నిద్రపోయేవాడు కాదు" అన్నారు మామయ్య. ఆ చర్చి చెక్క తలుపులు తప్పకుండా చూడాలి. 1214లో బువినా అనే శిల్పి చెక్కాడు, క్రీస్తు జీవితంలోని 28 ఘట్టాలు. గంటల గోపురం ఎక్కడానికి మాత్రం మోకాళ్లు గట్టిగా ఉండాలి, మా ఆయనా బాబూ వెళ్లారు.

నేలమాళిగలకి టిక్కెట్టు ఉంది, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది. పైన రాజు గదులు ఎలా ఉండేవో కింద గదుల్ని బట్టి తెలుస్తుంది, ఎందుకంటే పైదాని నమూనాలోనే కిందిదీ కట్టారు. పైన కాపురమున్న జనం వందల ఏళ్లు నేలకి కన్నాలు పెట్టి చెత్తంతా కిందికి పోశారు. గదులు చెత్తతో నిండిపోయి, ఎవరూ ముట్టుకోక అలాగే మిగిలాయి. గత శతాబ్దంలో తవ్వి బయటికి తీశారు. లోపల చల్లగా ఉంటుంది కాబట్టి మిట్టమధ్యాహ్నానికి ఇది దాచుకోండి. రీవా నుంచి పెరిస్టిల్‌కి వెళ్లే మధ్యదారి ఉచితం, అక్కడ షాపులున్నాయి. అయస్కాంతపు బొమ్మ 5 యూరోలన్నారు, అదే బజారు వీధిలో 3కి దొరికింది.

పైన వెస్టిబ్యూల్ అనే గుండ్రటి గదికి కప్పు మధ్యలో తెరిచి ఉంటుంది. అక్కడ కొందరు మగవాళ్లు వాయిద్యాల్లేకుండా క్లాపా పాడుతున్నారు. ఈ పాటకి 2012లో యునెస్కో వారసత్వ గుర్తింపు ఇచ్చింది. గొంతులు కప్పు దాకా ఎక్కి మళ్లీ మన మీదికి దిగుతాయి. అత్తయ్య కళ్లు మూసుకుని విన్నారు, తనే పర్సు తీసి 5 యూరోలు టోపీలో వేశారు.

తిండి విషయానికి వస్తే, రీవా మీద కూర్చుని తినకండి. మేం ఐదుగురం రెండు పిజ్జాలు, ఒక పాస్తా, ఒక సలాడ్ తీసుకుంటే 94 యూరోలు. అందులో మేం అడగని బ్రెడ్డుకి 8, నీళ్ల సీసాకి 7. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. డయోక్లెషియన్ కాలవ తవ్వించి తెచ్చుకున్న యాడ్రో నది నీళ్లే ఇప్పటికీ ఊరు తాగుతోంది.

శాకాహారులకి స్ప్లిట్‌లో దొరికే అసలైన తిండి సోపార్నిక్. ప్యాలెస్ తూర్పు గోడ బయట పొద్దున కూరగాయల బజారు జరుగుతుంది, పాజార్ అంటారు. అక్కడ ఒకావిడ గుండ్రటి చెక్క పలక మీద పెట్టి అమ్ముతోంది. రెండు పల్చటి పిండి పొరల మధ్య బ్లిట్వా అనే ఆకుకూర, ఉల్లిపాయ కూర్చి, నిప్పులు కప్పి కాలుస్తారు. వేడి మీదే ఆలివ్ నూనె, వెల్లుల్లి రాసి డైమండ్ ముక్కలుగా కోస్తారు. అడుగున అక్కడక్కడా బూడిద మచ్చలుంటాయి, కాలిన వాసన, వెల్లుల్లి ఘాటు. చీజ్ లేదు, గుడ్డు లేదు. ముక్క 3 యూరోలు. విమానం దిగినప్పటి నుంచి సరిగ్గా తినని అత్తయ్య మూడు ముక్కలు తిన్నారు. తర్వాత రెండు కట్టల బ్లిట్వా 4 యూరోలకి కొని, ఇంటికెళ్లి కందిపప్పులో వేసి వండారు. పాలకూర కన్నా కొంచెం మందంగా ఉంటుంది, ఎండుమిర్చి తాలింపుతో చాలా బాగుంది. పప్పు, చింతపండు మ్యూనిక్ నుంచి తెచ్చుకున్నాం, మీరూ తీసుకెళ్లండి. చేపలు తినేవాళ్లకి ప్యాలెస్ పడమటి పక్కన చేపల మార్కెట్టు ఉంది. అక్కడ ఈగలు వాలవు, పక్కనున్న గంధకపు నీటిబుగ్గ వల్లేనని అక్కడివాళ్లు చెబుతారు.

ఐదు దీవుల స్పీడ్ బోట్ టూర్‌కి మనిషికి 110 యూరోలు అడిగారు. పెద్దవాళ్లతో అది వద్దు, అలలకి నడుములు విరుగుతాయి. మేం మామూలు కార్ల ఓడ ఎక్కి బ్రాచ్ దీవిలోని సుపెటార్ వెళ్లాం, 50 నిమిషాల ప్రయాణం. టూర్ ఖర్చులో ఐదో వంతు కూడా కాలేదు. ప్యాలెస్‌కి వాడిన తెల్లరాయి ఆ దీవిదే. దగ్గర్లోని పాత ఊరు త్రోగిర్ కూడా చూశాం, అంతా సాఫీగా జరిగింది, సగం రోజు చాలు.

సలోనా శిథిలాలకి సొలిన్ అనే ఊరి వరకు సిటీ బస్సుంది. ఎవరూ ఉండరు, విశాలమైన పొలాల మధ్య పడిన గోడలు, ఒక యాంఫీథియేటర్. నీడ అసలుండదు, కాబట్టి ఎనిమిదింటికల్లా అక్కడుండాలి, మనిషికి లీటరు నీళ్లు పట్టుకెళ్లాలి. మామయ్య టోపీ పెట్టుకుని ఒక్కో రాయి దగ్గరా ఆగి బాబుకి చెబుతూ నడిచారు. అత్తయ్య రాలేదు. బాచ్‌విట్సే బీచ్‌లో బెంచీ మీద కూర్చుని పిసిగిన్ ఆట చూశారు. మడమల లోతు నీళ్లలో నిలబడి చిన్న బంతిని నీళ్లకి తగలకుండా అరచేత్తో కొట్టుకునే ఆట అది, అరవై దాటిన పెద్దవాళ్లు కూడా ఎగిరి పడుతూ ఆడతారు. మేం తిరిగొచ్చేసరికి ఎవరు గెలుస్తున్నారని అడిగితే, "ఇందులో గెలవడాలు లేవట, బంతి పడకూడదంతే" అని మాకే వివరించారు.