అడవినాభా, గరికా: ఇంటి ముందు ఏది?

పిల్లలు తిరిగే ఇల్లైతే నేను గరికే అంటాను. అందంలో మాత్రం అడవినాభి పూలతీగకు పోటీయే లేదు. వానాకాలంలో అడవినాభి ఆకు కొన మెలితిరిగి కంచెను పట్టుకుంటుంది, దాని ఆసరాతో తీగ పైకి పాకుతుంది, పూరేకులేమో అడుగున పసుపు, కొసన ఎరుపుతో మంటల్లా వెనక్కి విరుచుకుంటాయి. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. కానీ మొక్కంతా విషం, దుంపలో మరీనూ. ఇందులోని కాల్చిసిన్‌ను కీళ్లవాపు జబ్బైన గౌట్‌కి మందుగా వాడతారు, అదే మోతాదు దాటితే వాంతులు, విరేచనాలతో మొదలై ప్రాణం మీదికొస్తుంది. చిలగడదుంప అనుకుని ఉడికించి తిన్నవాళ్లూ ఉన్నారు. పైగా పూలయ్యాక తీగ ఎండి మాయమవుతుంది, దుంప మాత్రం మట్టిలోనే పడుకుని ఉంటుంది, తవ్వేవాళ్లకు గుర్తుండాలిగా!

గరికకు ఆ భయం లేదు. కణుపు కణుపుకీ వేరు వేసుకుంటూ పోతుంది, ఎండకు చచ్చిందనుకుంటే ఒక్క వానకు లేస్తుంది, వినాయక చవితికి కోసుకోవచ్చు. చెట్టు నీడలో పలచబడుతుంది, పూలమడిలోకి దూరితే ఎంత పీకినా తెగిన ముక్క మళ్లీ మొలుస్తుంది, అదో టెన్షన్.

అడవినాభి కావాల్సిందే అంటారా, పెద్ద కుండీలో వేసి పిల్లలకు అందని చోట పెట్టండి, దుంప ముట్టుకుంటే గ్లౌజులు తప్పనిసరి.