సెట్సీ ఈగల నీలం ట్రాప్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. ఆఫ్రికాలో పశువుల రక్తం తాగి జబ్బులు అంటించే సెట్సీ ఈగలను పట్టే ఈ నీలం గుడ్డ ట్రాప్, అంటే ఎన్‌జీయూ ట్రాప్, పనిచేస్తుంది. కానీ కట్టేసి మరిచిపోయే రకం కాదు. పైగా చుట్టుపక్కల ఎవరూ పెట్టకుండా మీరొక్కరే పెట్టుకుంటే సగం డబ్బు దండగే. కెన్యా తీరంలో, క్వాలే కౌంటీలో, షింబా హిల్స్ అడవి అంచున ఉన్న పశువుల ఫామ్‌కు మేనేజర్‌గా ఉంటూ వీటిని వాడుతున్నాను.

మన ఇండియాలో సెట్సీ ఈగ లేదు. జోరీగలు అంటించే సర్రా జబ్బు మాత్రం పశువులు పెంచినవాళ్లకు తెలిసే ఉంటుంది. ఆ సర్రా తెచ్చే ట్రిపనోసోమా పరాన్నజీవికి దగ్గరి చుట్టాలే ఇక్కడ ఆవులకు నగానా, మనుషులకు అతినిద్ర వ్యాధి తెస్తాయి. కెన్యాలో మనుషుల జబ్బు దాదాపు పోయినట్టే. ఇక్కడే సోకిన చివరి కేసు 2009లో నమోదైంది, 2025 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మాట ధ్రువీకరించింది. కాబట్టి మా టెన్షన్ అంతా నగానాతోనే. మేత మామూలుగానే తింటున్న ఆవు చిక్కిపోతూ ఉంటుంది. పాలు తగ్గుతాయి, చూడి ఆవులు ఈసుకుపోతాయి. కనురెప్ప కింద వేలితో లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన పొర కాగితంలా తెల్లబడి ఉంటుంది. డైమినజీన్ ఇంజెక్షన్‌తో కోలుకుంటుంది కానీ, ఈగ ఉన్నంతకాలం మళ్లీ అంటుకుంటూనే ఉంటుంది.

ట్రాప్ సంగతికొద్దాం. దీన్ని కెన్యాలోని ఎన్‌గురుమాన్ ప్రాంతంలో రూపొందించారు, పేరు కూడా అక్కడిదే. గుంజలు పాతి, వాటి చుట్టూ నీలం గుడ్డ, లోపల నల్ల గుడ్డ, పైన తెల్లటి వల, ఆ వల కొసన ఒక సీసా. అంతే. నీలం చూసి ఈగ దూరం నుంచి వస్తుంది, నలుపు మీద వాలుతుంది, లోపలికి దూరాక వెలుతురు కోసం పైకెగిరి సీసాలో పడుతుంది. పురుగుమందుతో పనే లేదు. (సఫారీకి వచ్చేవాళ్లను నీలం, నలుపు బట్టలు వేసుకోవద్దనేది కూడా ఇందుకే. జీన్స్ గుడ్డలోంచి కూడా కుడుతుంది.)

దీనికి వాసన ఎర తప్పనిసరి. మూతకు చిన్న రంధ్రం పెట్టిన సీసాలో అసిటోన్, పక్కన ఇంకో డబ్బాలో ఆవు పంచితం. అప్పటికప్పుడు పట్టిన పంచితం కంటే మూడు వారాలు మగ్గినదే మేలు, ఈగను లాగే ఫినాల్స్ అనే రసాయనాలు అందులో పెరుగుతాయి. ఆ డబ్బా మూత తీసే డ్యూటీ మా దగ్గర ఎవరూ తమంతట తాము ఒప్పుకోరు.

మొదట్లో సీసా నిండా ఈగలు పడేవి. అన్నీ సెట్సీలు కావు, జోరీగలు కూడా పడతాయి. గుర్తుపట్టడం తేలికే: సెట్సీ వాలినప్పుడు రెండు రెక్కలూ కత్తెర మూసినట్టు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడుకుంటాయి, కుట్టే తొండం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఈ ఈగ దోమలా వందల గుడ్లు పెట్టదు. తొమ్మిది పది రోజులకు ఒక్క పిల్లపురుగునే కంటుంది. అందుకే రోజూ నూటికి మూడు నాలుగు ఆడ ఈగలను ఆపకుండా ఏరేస్తే చాలు, సంతతి పడిపోతుంది. మాకు కొన్ని నెలల్లోనే తేడా తెలిసింది.

చిక్కంతా ఆ "ఆపకుండా" దగ్గరే. ఎండకు నీలం వెలుస్తుంది. వెలిసిన గుడ్డ మనకింకా నీలంగానే కనిపిస్తుంది, ఈగకు మాత్రం కాదు. దాని మీద నుంచి అతినీలలోహిత కాంతి ఎక్కువగా తిరిగొస్తుంది, అది ఈగకు పడదు. చుట్టూ గడ్డి పెరిగితే ట్రాప్ కనిపించదు. చీమలు గుంజ ఎక్కి సీసాలోని ఈగలను ఖాళీ చేస్తాయి, గుంజలకు గ్రీజు పూస్తే ఆగుతాయి. బబూన్లు వల చింపుతాయి. గుడ్డ దొంగతనాల సంగతి సరే సరి, మంచి గుడ్డ కదా మరి.

ఇంకో పెద్ద లోటు ఉంది. సెట్సీల్లో పాలిడిపెస్ అనే జాతిని ఇది బాగా పడుతుంది. ఈ తీరం పొదల్లోనే ఉండే ఆస్టెని అనే చిన్న జాతి దీనిలోకి పెద్దగా రాదు, దానికి జిగురు అట్టలు పెట్టాల్సిందే. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

అడవి పక్కనే ఉంది కనుక ఈగలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. పక్క రైతులు కూడా అంచు పొడవునా ట్రాపులు కట్టాకే వాటి రాక నిజంగా తగ్గింది. దాంతోపాటు మందకు డెల్టామెత్రిన్ అనే పురుగుమందు కూడా కొడుతున్నాం, ఒళ్లంతా కాదు, కాళ్లకు, పొట్ట కిందే. సెట్సీ ఎక్కువగా కుట్టేది అక్కడే కాబట్టి మందు బాగా ఆదా అవుతుంది. నా లెక్కలో ఈగను చంపడంలో పెద్ద వాటా ఈ స్ప్రేదే. అయినా ట్రాపులు పీకెయ్యలేదు, ఎందుకంటే ఈగ ఏ మూల నుంచి తిరిగి వస్తోందో ఆవు చిక్కిపోకముందే చెప్పేది ఈ సీసాలే.

నలుగురు రైతులు కలిసి, వారానికోసారి చూసుకునే మనిషిని పెట్టుకోగలిగితే కొనండి. ఇంటి దగ్గర రెండు పశువులే ఉంటే కాళ్లకు స్ప్రే చాలు. కొనేటప్పుడు అదనపు నీలం గుడ్డ కూడా తీసుకుని నీడపట్టున దాచండి. అసిటోన్‌ను మాత్రం పొయ్యి దరిదాపుల్లో పెట్టకండి, ఇట్టే అంటుకుంటుంది.