పీఎల్‌సీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏది మేలు: సిమ్యులేటరా, సొంత బెంచా, ఇన్‌స్టిట్యూటా?

పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీల్లో మెషీన్లను నడిపే చిన్న కంప్యూటర్. దాన్ని నేర్చుకునే మూడు దారులనూ ఒకే పనితో కొలిచి చూద్దాం. పొలంలో పంపుసెట్టు స్టార్టర్ పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది, వేలు తీసినా ఆగదు, ఎర్ర బటన్ నొక్కితేనే ఆగుతుంది. అదే పని పీఎల్‌సీతో చేయించాలి. ఎక్స్ అంటే ఇన్‌పుట్, వై అంటే అవుట్‌పుట్: స్టార్ట్ బటన్ ఎక్స్0, స్టాప్ బటన్ ఎక్స్1, ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) కాంటాక్ట్ ఎక్స్2, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ వై0. నిచ్చెన బొమ్మలా ప్రోగ్రామ్ రాసే ల్యాడర్‌లో ఒక్క రంగ్ (మెట్టు) చాలు: ఎక్స్0కు సమాంతరంగా వై0 కాంటాక్ట్, వాటి తర్వాత వరసగా ఎక్స్1, ఎక్స్2, చివర వై0 కాయిల్, అంటే అవుట్‌పుట్ గుర్తు. చూడ్డానికి ఇంతే. దీన్ని ఎక్కడ చేశారన్నదాన్ని బట్టి నేర్చుకునేది మారిపోతుంది.

సిమ్యులేటర్

ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లోనే నడిపి చూసే సాఫ్ట్‌వేర్ ఇది. ఖర్చు లేదు, కాలిపోయేదేమీ లేదు. డెల్టా వారి డబ్ల్యూపీఎల్‌సాఫ్ట్ ఉచితం, సిమ్యులేటర్ అందులోనే ఉంటుంది. కోడెసిస్ కూడా ఉచితమే. సీమెన్స్ టీఐఏ పోర్టల్ ట్రయల్ 21 రోజులే వస్తుంది. పైగా 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద అది నత్తనడక నడుస్తుంది. కాబట్టి ట్రయల్‌ను మొదటి రోజే దింపుకొని వృథా చేసుకోవద్దు. బేసిక్స్ వేరేచోట పూర్తిచేసి, 21 రోజులూ పని చేయగలిగినప్పుడే ఇన్‌స్టాల్ చేయండి.

సిమ్యులేటర్ బాగా నేర్పేది స్కాన్ సైకిల్. పీఎల్‌సీ ముందు ఇన్‌పుట్లన్నీ చదువుతుంది, తర్వాత ప్రోగ్రామ్ పైనుంచి కిందికి లెక్కేస్తుంది, చివర్లో అవుట్‌పుట్లు మారుస్తుంది. ఇది ఒంటబట్టిందో లేదో తేల్చుకోవడానికి వై0 కాయిల్‌ను కావాలనే రెండు రంగ్‌లలో రాయండి. మొదటి రంగ్ నిజమైనా రెండోది అబద్ధమైతే వై0 వెలగదు, చివరి రంగ్ మాటే చెల్లుతుంది. ఫ్యాక్టరీలో ఆటో, మాన్యువల్ మోడ్‌లకు విడివిడిగా కాయిల్ రాసి గంటల తరబడి తల పట్టుకునేవాళ్లు చేసే తప్పు ఇదే. టైమర్లు, కౌంటర్లకు కూడా సిమ్యులేటర్ సరిపోతుంది. డెల్టాలో టీ0కు కే50 ఇస్తే 50 సెకన్లు కాదు, 5 సెకన్లు. ఆ టైమర్ లెక్క 100 మిల్లీసెకన్లలో నడుస్తుంది.

ఇక అది నేర్పనిది చూడండి. పైన చెప్పిన రంగ్‌లో స్టాప్ బటన్‌కు కొత్తవాళ్లంతా ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండే) గుర్తు, అంటే అడ్డగీత ఉన్న కాంటాక్ట్ వేస్తారు. సిమ్యులేటర్‌లో ఎక్స్1 మామూలుగా సున్నా. నొక్కితే ఒకటి అవుతుంది, మోటారు ఆగుతుంది. ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపిస్తుంది. అదే ప్రోగ్రామ్‌ను నిజమైన ప్యానెల్‌లో ఎక్కిస్తే మోటారు అసలు స్టార్టే కాదు. ప్యానెల్‌లో స్టాప్ బటన్‌కు వేసేది ఎన్‌సీ ఎలిమెంట్. ఎవరూ నొక్కనప్పుడు దాని గుండా కరెంటు వెళ్తూనే ఉంటుంది, ఎక్స్1 ఎప్పుడూ ఒకటే. కాబట్టి ప్రోగ్రామ్‌లో అడ్డగీత లేని ఎన్‌ఓ (మామూలుగా విడిపోయి ఉండే) గుర్తు వేయాలి. ఓవర్‌లోడ్ రిలే 95-96 కాంటాక్ట్‌కూ ఇదే లెక్క.

ఇక్కడే చాలామంది ప్రోగ్రామ్ దిద్దకుండా బటన్‌కే ఎన్‌ఓ ఎలిమెంట్ మార్చేస్తారు. మోటారు తిరుగుతుంది, ఆగుతుంది, అందరూ సంతోషం. ఏదో ఒక రోజు ఆ వైరు టెర్మినల్ నుంచి ఊడుతుంది. అప్పుడు స్టాప్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. ఎన్‌సీ వేసి ఉంటే వైరు ఊడిన క్షణమే ఆగిపోయేది. వైరే లేని చోట వైరు తెగితే ఏమవుతుందో ఎవరికి తెలుస్తుంది?

సొంత బెంచ్

చెక్క పలక మీద 35 మి.మీ. డిన్ రైల్ (సామాను తగిలించే లోహపు పట్టీ) బిగించి కింది సామాను పెట్టుకుంటే చాలు: 24 వోల్టుల డీసీ ఇచ్చే 2.5 ఆంపియర్ల పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) ఒకటి, దాని ముందు చిన్న ఎంసీబీ, డెల్టా డీవీపీ-14ఎస్‌ఎస్2 పీఎల్‌సీ, 22 మి.మీ. పుష్ బటన్లు మూడు (రెంటికి ఎన్‌ఓ, ఒకదానికి ఎన్‌సీ ఎలిమెంట్), 24 వోల్టుల ఇండికేటర్ ల్యాంపులు మూడు, 24 వోల్టుల డీసీ రిలేలు బేస్‌తో సహా రెండు, ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ (లోహం దగ్గరికొస్తే పసిగట్టేది), 0.75 చదరపు మి.మీ. వైరు, ఫెర్రూల్స్ (వైరు కొసల తొడుగులు), వాటిని నొక్కే క్రింపింగ్ టూల్, మల్టీమీటర్. ప్యానెల్ సామానుకు సికింద్రాబాద్ రాణిగంజ్, డయోడ్ల వంటి చిల్లర సరుకుకు కోఠి గుజరాతీ గల్లీ. మోటారు అక్కర్లేదు, ల్యాంపే మోటారు అనుకోండి. ఇంట్లో 230 వోల్టులు ఎస్‌ఎంపీఎస్ దగ్గరే ఆగిపోవాలి.

14ఎస్‌ఎస్2లో 8 ఇన్‌పుట్లు, 6 అవుట్‌పుట్లు. మోడల్ నంబరు చివర ఆర్ ఉంటే రిలే అవుట్‌పుట్, టీ ఉంటే ట్రాన్సిస్టర్. మొదటిది రిలేదే కొనండి. అవుట్‌పుట్ వైరింగ్‌లో ప్లస్, మైనస్ అటూ ఇటూ అయినా అది తట్టుకుంటుంది.

బెంచ్ విలువ ప్రోగ్రామ్‌లో కాదు, వరసగా ఎదురయ్యే ఈ తంటాల్లో ఉంది. మొదటిది, ల్యాప్‌టాప్ పీఎల్‌సీతో మాట్లాడదు. యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్-232 కన్వర్టర్‌కు విండోస్ ఇచ్చిన కామ్ పోర్ట్ నంబరు ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్నది ఇంకొకటి. లేదా 9600, 7 బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్ అన్న సెట్టింగ్ ఎక్కడో మారి ఉంటుంది. రెండోది, బటన్ నొక్కినా ఏ ఇన్‌పుట్ లైటూ వెలగదు. ఇన్‌పుట్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఎస్/ఎస్ టెర్మినల్‌ను ఖాళీగా వదిలేశారన్నమాట. దాన్ని ప్లస్ 24కు కలిపితే బటన్ల రెండో కొసలు 0 వోల్టుకు వెళ్లాలి. 0కు కలిపితే ప్లస్ 24కు. మూడోది, సెన్సర్ ముందు ఇనుప ముక్క పెడితే సెన్సర్ లైటు వెలుగుతుంది, పీఎల్‌సీ లైటు వెలగదు. ఎస్/ఎస్ ప్లస్ 24కు కలిపి ఉంటే సిగ్నల్‌ను 0కు కలిపే ఎన్‌పీఎన్ సెన్సర్ కావాలి, మీ చేతిలో ఉన్నది ప్లస్‌కు కలిపే పీఎన్‌పీ. గోధుమ రంగు వైరు ప్లస్‌కు, నీలం 0కు, నలుపు సిగ్నల్ అని రంగులన్నీ సరిగ్గా కలిపినా ఇది పనిచేయదు. ఇలాంటి పూట ఒకటి గడిస్తే సింక్, సోర్స్ అనే ఈ రెండు వైరింగ్ పద్ధతులను జన్మలో మర్చిపోరు.

డీసీ రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ వేయండి, గీత ఉన్న వైపు ప్లస్‌కు. కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే వోల్టేజ్ దెబ్బ పీఎల్‌సీ కాంటాక్ట్‌ను తినేయకుండా కాస్తుంది. తిరగేసి వేస్తే అవుట్‌పుట్ ఆన్ అయిన వెంటనే షార్ట్ సర్క్యూట్, ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేస్తుంది.

డెల్టా ఎందుకు, ఉద్యోగాల ప్రకటనల్లో సీమెన్స్ అడుగుతున్నారు కదా అంటారు. సీమెన్స్ వారి ఎస్7-1200 మంచి పీఎల్‌సీయే. అందులో 1214సీ మోడల్‌లో 14 ఇన్‌పుట్లు, 10 అవుట్‌పుట్లు, 2 అనలాగ్ ఇన్‌పుట్లు ఉంటాయి. కానీ ధర చాలా ఎక్కువ, ట్రయల్ అయ్యాక సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఖర్చు వేరే. కంపెనీ మారితే ఎక్స్0 ఐ0.0 అవుతుంది, టైమర్ రాసే తీరు మారుతుంది. స్టాప్ బటన్ తర్కం మాత్రం అదే. ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు మీద ఓపెన్‌పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ ఇంకా చవక, ల్యాడర్ కూడా నేర్పుతుంది. కాని 5 వోల్టుల పిన్‌కు 24 వోల్టుల సెన్సర్ నేరుగా తగిలిస్తే బోర్డు పోతుంది. ప్యానెల్ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు అది పక్కదారే.

ఇన్‌స్టిట్యూట్

ఇంట్లో పెట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి: వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చేది), హెచ్‌ఎంఐ (ఆపరేటర్ చూసే స్క్రీన్), కొలతను 4-20 మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపే ట్రాన్స్‌మీటర్, ఆర్‌ఎస్-485 కేబుల్ మీద పరికరాలు మాట్లాడుకునే మోడ్‌బస్. ఫీజు కట్టేది వీటికోసమే అయితే సబబు. స్టార్ట్-స్టాప్ రంగ్ కోసం అయితే దండగ.

చేరేముందు డెమో క్లాసులో కూర్చోకండి, ల్యాబ్ చూపించమనండి. ఒక కిట్ మీద ఎంతమంది? ఇద్దరికి మించితే మీరు చూసేది పక్కవాడి భుజం. కిట్‌లో టెర్మినల్ బ్లాక్‌లు ఉన్నాయా, లేక ముందే వైరింగ్ చేసి పైన సాకెట్లు మాత్రమే పెట్టారా? సాకెట్ల కిట్ అయితే ఎస్/ఎస్ గొడవ, ఎన్‌పీఎన్ గొడవ ఎప్పటికీ కంటపడవు. 30 రోజుల్లో ఐదు కంపెనీల పీఎల్‌సీలు నేర్పుతామంటే, ఐదు సాఫ్ట్‌వేర్ల మెనూలు చూపిస్తారని అర్థం.

అక్కడి మాస్టారిని ఈ ప్రశ్న అడగండి: ఎస్7-1200లో ఉన్న అనలాగ్ ఇన్‌పుట్‌కు 4-20 ట్రాన్స్‌మీటర్ ఎలా కలపాలి? ఆ ఇన్‌పుట్ 0-10 వోల్టులే తీసుకుంటుంది. 500 ఓమ్‌ల రెసిస్టర్ అడ్డంగా వేస్తే 2-10 వోల్టులు వస్తాయి, పీఎల్‌సీలో విలువ సుమారు 5530 నుంచి 27648 దాకా నడుస్తుంది. లేదా కరెంట్ తీసుకునే మాడ్యూల్ వేరుగా పెట్టాలి. ఈ రెండింటిలో ఏ జవాబు వచ్చినా సరే. నేరుగా కలిపేయొచ్చు అన్నారంటే ఇంకో చోటు వెతుక్కోండి.

ఎవరికి ఏది

ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి స్టార్టర్లు విప్పి బిగించిన చేతికి బెంచ్ తొందరేమీ లేదు. లోపలి వైరింగ్ తెలిసినవాళ్లకు మూడు వారాల సిమ్యులేటర్‌తోనే ల్యాడర్ వచ్చేస్తుంది. బీటెక్ పూర్తయినా స్క్రూడ్రైవర్ పట్టని వాళ్లకు మాత్రం బెంచే ముందు, మిగతావన్నీ తర్వాత. ఇప్పటికే జీడిమెట్ల, పాశమైలారం వంటి చోట్ల మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లయితే తమ ప్లాంట్‌లో నడిచే కంపెనీ పీఎల్‌సీ మీదే ఇన్‌స్టిట్యూట్ కోర్సు తీసుకోవడం మేలు. అదీ ఆన్‌లైన్ మానిటరింగ్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ల్యాప్‌టాప్‌లో చూడటం), ఫాల్ట్ వెతకడం నేర్పే చోట.

సొంత బెంచ్‌కు పాత పీఎల్‌సీ కొంటే సగం ధరకే దొరుకుతుంది కానీ డబ్బులిచ్చేముందు అక్కడే ల్యాప్‌టాప్ తగిలించి ఖాళీ ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే వదిలేయండి. ప్రతి అవుట్‌పుట్‌నూ ఆన్ చేసి మల్టీమీటర్ బీప్‌తో కాంటాక్ట్ కలుస్తోందా, ఆఫ్ చేస్తే విడిపోతోందా చూడండి. పాత రిలే అవుట్‌పుట్లలో ఒకటో రెండో అతుక్కుపోయి ఉండటం మామూలే, లైటు చూస్తే అది తెలియదు.