జీపీ సర్జరీ పేషెంట్ గ్రూప్: ముఖాముఖి సమావేశమా, ఈమెయిల్ బృందమా?

ఇంగ్లండ్‌లో ప్రతి జీపీ సర్జరీకీ (అంటే ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌కీ) పేషెంట్ పార్టిసిపేషన్ గ్రూప్, అంటే క్లినిక్ నడిచే తీరుపై అభిప్రాయాలు చెప్పే పేషెంట్ల బృందం, ఉండాలన్నది 2015 ఏప్రిల్ నుంచి కాంట్రాక్టు షరతు.

ముఖాముఖిలో సర్జరీని నడిపే ప్రాక్టీస్ మేనేజర్ ఎదురుగా ఉంటారు. అపాయింట్‌మెంట్ కోసం పొద్దున ఎనిమిదింటికి చేసే ఫోన్లు ఎందుకు కలవవో అక్కడికక్కడే అడగొచ్చు. ఫ్లూ టీకాల రోజు క్యూ చూసుకోవడానికి, ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) యాప్ వాడకం నేర్పడానికి మనుషులు దొరుకుతారు. చిక్కల్లా, పగలు పెడితే వచ్చేది ఎక్కువగా రిటైరైనవాళ్లే. సొంత జబ్బుల ఫిర్యాదులతోనే సమయం అయిపోకుండా అజెండా వారం ముందే పంపాలి.

ఈమెయిల్ బృందంలో పసిపిల్లల తల్లులు, షిఫ్టులవాళ్లు కూడా చేరతారు. సర్వేకి ఐదు ప్రశ్నలు చాలు. వచ్చిన జవాబులతో సర్జరీ ఏం చేసిందో చెప్పకపోతే రెండోసారి ఎవరూ రాయరు. ఇంటర్నెట్ లేని పెద్దలు, ఇంగ్లిష్ రానివాళ్లు దీని పరిధిలోకి రారు. వాళ్లకోసం రిసెప్షన్‌లో కాగితం ఫారం పెట్టాల్సిందే.

ఒక్కటే నడపగలిగితే ముఖాముఖే మేలు, అదీ సాయంత్రం ఆరున్నరకి.